సున్నం బాగానే ఉంది

కొండ కింద గేటు పొద్దున తొమ్మిదింటికి తీస్తారు. అప్పటికే సంచులు భుజాన వేసుకుని, నీళ్ళ సీసాలు పట్టుకుని జనం వరస కట్టి ఉంటారు. కొండ మీద పాతకాలపు బురుజు ఉంది, దాని చుట్టూ రాతి పిట్టగోడ ఉంది. ఆ పిట్టగోడ దగ్గర నిలబడితే కింద నది, నదికి అటూ ఇటూ ఊరు, మూడు వంతెనలు, డాబాల మీద ఆరేసిన దుప్పట్లతో సహా కనిపిస్తాయి. ఊళ్ళో ఎవరింటికి చుట్టాలొచ్చినా ముందు కాఫీ ఇస్తారు, తర్వాత కొండెక్కిస్తారు.

మెట్లు రెండొందల నలభై. ఇది గేటు పక్కన బోర్డు మీద రాసిన లెక్క, దిగేటప్పుడు అందరికీ సరిపోయే లెక్క. ఎక్కేటప్పుడు మాత్రం ఎవరి లెక్క వాళ్ళది. పిల్లలకు రెండొందల పదిహేనుకో ఇరవైకో బురుజు వచ్చేస్తుంది. పెద్దవాళ్ళకు రెండొందల అరవై, డెబ్బై అయితే ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. కొత్తగా పెళ్ళయిన జంటలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని మొదలుపెడతారు, కాసేపటికి ఒకరు పైకి చేరి రెండోవాళ్ళ కోసం చూస్తూ నిలబడతారు, ఆ సాయంత్రం ఆ ఇంట్లో మాటలు కాస్త గట్టిగా వినిపిస్తాయి. ఎన్నికలకు ముందు నాయకులెవరూ కొండ జోలికి పోరు. మనిషి సిగ్గుపడి లోపల దాచుకున్నదే మెట్లవుతుందని ఎవరూ ఎవరికీ చెప్పరు. వానొస్తే గొడుగు వెయ్యాలని మాత్రం ఎవరు చెప్పారు? పక్కన నడిచేవాళ్ళకు ఆ మనిషి వెనకబడుతున్నట్టు కనిపిస్తుంది, అంతే. పైకొచ్చాక పిల్లల్ని "నీకెన్ని?" అని అడగొచ్చు. పెద్దవాళ్ళని అడగకపోవడం మర్యాద.

పెద్దమేస్త్రీ పదకొండేళ్ళుగా ఆ కొండెక్కలేదు. అడిగిన వాళ్ళకు మోకాలు చూపిస్తాడు. ఆ మోకాలు విచిత్రమైనది. నది ఒడ్డున రోజూ గంటసేపు నడిచినా నొప్పి పెట్టదు, మేడ మీద నీళ్ళ ట్యాంకు చూడటానికి నిచ్చెన ఎక్కినా నొప్పి పెట్టదు. కొండ మాట ఎత్తితేనే పట్టేస్తుంది. నడక కూడా వెళ్ళేటప్పుడు ఒక దారి, వచ్చేటప్పుడు ఇంకో దారి, రెండిట్లోనూ కొండకు వీపే. ఇంట్లో కొండ కనిపించే కిటికీ ఒక్కటే ఉంది. దానికడ్డంగా బట్టల బీరువా నిలబెట్టించాడు. వెలుతురు పోయిందని భార్య పదకొండేళ్ళుగా సణుగుతూనే ఉంది.

ఆయన ఒకప్పుడు ఆ కొండ మీదే పనిచేశాడు. పాత పిట్టగోడ నాలుగు బారల మేర పాడైతే, కొండను చూసుకునే ఆఫీసువాళ్ళు ఆయన్నీ ఆయన బావమరిదినీ పిలిపించారు. బావమరిదిని అందరూ చిన్నమేస్త్రీ అనేవారు. పని పంపకం సులువు. సున్నం పెద్దమేస్త్రీ చూసుకోవాలి, గోడ చిన్నమేస్త్రీ కట్టాలి. కాల్చిన సున్నపురాయిని గుంటలో వేసి నీళ్ళు పోస్తే కుతకుతా ఉడుకుతుంది. ఉడికింది కదా అని వాడెయ్యకూడదు. నీళ్ళ కింద నలభై రోజులు నానాలి. నానని పలుకులు గోడలో దాక్కుని, ఎప్పుడో తడి తగిలినప్పుడు ఉబ్బి రాళ్ళను విడదీస్తాయి. అందుకే గుంట పక్క గోడ మీద రోజుకొక బొగ్గు గీత గీస్తారు. నలభై గీతలు లెక్కపెట్టుకున్నాకే చిన్నమేస్త్రీ గుంటలో గంప ముంచేవాడు.

మొదటి గుంట అయిపోవచ్చిన రోజున పెద్దమేస్త్రీ రెండో గుంట దగ్గరికెళ్ళి చూస్తే ఆరే గీతలున్నాయి. నలభై రోజుల కిందట నింపించాల్సిన గుంట, ఆరు రోజుల కిందట గుర్తొచ్చి నింపించాడు. మరిచిపోయాడు. పెద్ద కారణమేం లేదు, మరిచిపోయాడు. కూలీలెవరైనా చిన్న పని మరిచిపోతే నలుగురిలో నిలబెట్టి "తల ఇంట్లో పెట్టొచ్చావా?" అని కడిగేసే మనిషి ఆయన. ఇప్పుడు ఆ నలుగురి ముందు నేను మరిచిపోయానని చెప్పడానికి నోరు రాలేదు. నెల్లాళ్ళు పని ఆపమని చెప్పడానికీ రాలేదు. అటూ ఇటూ చూసి, బొగ్గుముక్క తీసి, ఆరు గీతల పక్కన ఇంకో ముప్పై నాలుగు గీశాడు.

మర్నాడు చిన్నమేస్త్రీ గీతలు లెక్కపెట్టి, గంప ముంచి, సున్నం వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"సున్నం ఎలా ఉంది బావా? కాస్త గరుగ్గా తగుల్తోంది."

"బాగానే ఉందిరా. నీ చేతులే మొరటుబారాయి," అన్నాడు పెద్దమేస్త్రీ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చిన్నమేస్త్రీ కూడా నవ్వాడు.

ఏడు నెలల తర్వాత, వానలు రెండోసారి గట్టిగా పడ్డప్పుడు, ఆ నాలుగు బారల గోడ కొండ మీంచి దొర్లిపోయింది. మనుషులెవరికీ ఏం కాలేదు, ఒక మేక పోయింది. పెద్ద ఆఫీసరు వచ్చి ఇద్దరినీ పక్కపక్కనే నిలబెట్టాడు. "సున్నం సంగతేమిటి?" అని అడిగాడు. "సున్నం బాగానే ఉంది సార్," అన్నాడు పెద్దమేస్త్రీ. మూడే మూడు ముక్కలు. చిన్నమేస్త్రీ ఎదురు చెప్పలేదు. తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. పాళ్ళు తప్పుగా కలిపాడని అతని మీద రాశారు. పడ్డచోట సిమెంటుతో అతుకు వేయించారు. చిన్నమేస్త్రీ తాపీ మూలన పడేశాడు. జాలిపడి ఎవరో కొండ కింద గేటు దగ్గర జనం సంచులు, గొడుగులు దాచే పని ఇప్పించారు. పదకొండేళ్ళుగా అక్కడే, నంబర్లు కొట్టిన రేకు బిళ్ళలిస్తూ కూర్చుంటున్నాడు. పెద్దమేస్త్రీ మాత్రం ఇల్లు కట్టుకున్నాడు, పనులు మానుకున్నాడు, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు.

ఆయనకు ఒక్కతే కూతురు. నోట్లో నువ్వుగింజ నానదు, అందుకని చిన్నప్పట్నుంచీ వాగుడుకాయ అనే పేరు. ఆ నోటికి తగ్గ ఉద్యోగమే దొరికింది. కొండ మీద గైడు. మొదటి బృందం ఆదివారం. అంతకు రెండు రోజుల ముందు అద్దం ఎదుట నిలబడి, దువ్వెన మైకులా పట్టుకుని, ఆఫీసువాళ్ళిచ్చిన కాగితం వల్లెవేస్తోంది. తల్లి చొక్కాలకు గుండీలు కుడుతోంది. పెద్దమేస్త్రీ టీ తాగుతున్నాడు.

"ఇక్కడ మీకు కనిపిస్తున్న సిమెంటు అతుకు పదకొండేళ్ళ నాటిది. అప్పటి మేస్త్రీ ఒకరి నిర్లక్ష్యం వల్ల..." అని ఆగిపోయింది వాగుడుకాయ. దువ్వెన కింద పెట్టేసింది. "నాన్నా, ఈ ముక్క చెప్పాలంటే సిగ్గుగా ఉంది. కింద సంచులు దాచేది మామయ్యేగా. నేను పైకెళ్ళి మా మామయ్యని ఇరవై మంది ముందు తిట్టినట్టుంటుంది. నువ్వక్కడే ఉన్నావుగా అప్పుడు. నిజంగా మామయ్య అంత తప్పు చేశాడా?"

"నన్నడుగుతావేం? సున్నం బాగానే ఉంది," అన్నాడు పెద్దమేస్త్రీ.

భార్య సూది ఆపి తలెత్తింది. "సున్నం సంగతి అదెక్కడ అడిగింది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఆయన ఖాళీ టీ గ్లాసు మళ్ళీ ఎత్తి తాగాడు. చెవులు మాత్రం వేడెక్కాయి.

"ఆదివారం మీరు కూడా రావాల్సిందే," అంది భార్య. "పిల్ల మొదటిరోజు. మోకాలంటే ఊరుకోను. మొన్న నిచ్చెన మీద కోతిలా ఎక్కారు."

ఆదివారం చిన్నమేస్త్రీ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మేనకోడలి మొదటిరోజు కదా. అక్క సంచీ, బావ గొడుగు తీసుకుని రేకు బిళ్ళలిచ్చాడు. బావ చేతికి బిళ్ళ ఇచ్చేటప్పుడు ఎప్పట్లాగే మర్యాదగా రెండు చేతులతో ఇచ్చాడు. ఆ మర్యాదకే పెద్దమేస్త్రీ ఎప్పుడూ ఆ గేటు వైపు రాడు.

"మామయ్యా, నువ్వూ పైకి రావచ్చుగా! ఒక్క గంట," అని చెయ్యి పట్టుకు లాగింది వాగుడుకాయ.

"నాకు మెట్లెక్కువమ్మా," అన్నాడు చిన్నమేస్త్రీ, భోజనం చేసే వచ్చానన్నంత మామూలుగా.

చుట్టూ ఉన్నవాళ్ళు మర్యాదగా వేరే వైపు చూశారు. పెద్దమేస్త్రీ మాత్రం చూపు తిప్పుకోలేకపోయాడు. బావమరిది కొండెక్కడం లేదంటే మనసు విరిగి ఎక్కడం లేదనుకున్నాడు ఇన్నాళ్ళూ. వీడికి మెట్లెక్కువేమిటి? ఏ తప్పూ చెయ్యనివాడికి?

బృందం ఎక్కడం మొదలుపెట్టింది. నూట యాభై దాకా పెద్దమేస్త్రీ భార్య పక్కనే ఉన్నాడు. రెండొందలకు భార్య రెండు మెట్లు ముందుంది. రెండొందల నలభైకి ఆవిడ పిట్టగోడ పట్టుకుని నిలబడి కిందకి చూస్తోంది, ఆయన ముందు ఇంకా మెట్లున్నాయి. ఆయన తలొంచుకుని ఎక్కాడు. పక్కనున్న చేతిగోడ మీద, ఒక్కో మెట్టుకూ ఒక్కో బొగ్గు గీత కనిపించింది. చూడనట్టు ఎక్కాడు. ముప్పై నాలుగు గీతలయ్యాయి. మళ్ళీ మొదటి నుంచి ముప్పై నాలుగు. అవయ్యాక మళ్ళీ. మెట్ల సందుల్లో సున్నం ఇంకా తడిగా ఉంది, కొత్తగా ఉడికిన సున్నం వాసన వేస్తోంది. ముక్కు మండింది. చిన్న చిన్న పిల్లలు ఆయన్ని దాటుకుని పోయారు. ఒక ముసలామె కర్ర ఊనుకుంటూ దాటిపోయింది, పోతూ పోతూ మర్యాదగా ముఖం నది వైపు తిప్పుకుంది. దాంతో ఆయనకు ఇంకా సిగ్గేసింది. తిట్టినా బాగుండేది.

పై నుంచి కూతురి గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. బురుజు ఎవరు కట్టించారో, నది ఏ ఏడు ఎంత పొంగిందో గడగడా చెబుతోంది. జనాన్ని నవ్వించింది కూడా. ఆ తర్వాత గొంతు తగ్గింది. "ఈ సిమెంటు అతుకు... అప్పటి మేస్త్రీ ఒకరి నిర్లక్ష్యం వల్ల..." అని వచ్చింది. "ఎవరా మేస్త్రీ?" అని ఎవరో అడిగారు. వాగుడుకాయ ఏం మాట్లాడలేదు. పుట్టాక అది అలా మాట రాక ఆగిపోవడం, ఆయనకు తెలిసి, అదే మొదటిసారి.

తొమ్మిదొందలు దాటాక ఆయన కూలబడ్డాడు. కూతురు ఇంకా ఆయన తల మీదే, ఓ ముప్పై అడుగుల ఎత్తున ఉంది. ఎంత ఎక్కినా అంతే దూరం. కాసేపటికి లేచి వెనక్కి తిరిగాడు. దిగడానికి రెండొందల నలభై కూడా పట్టలేదు.

కింద చిన్నమేస్త్రీ స్టూలు లాగి వేశాడు. "కూర్చో బావా. మోకాలా?" అన్నాడు. ఎన్ని అని అడగలేదు.

పెద్దమేస్త్రీ కూర్చున్నాడు. అడగకూడదని తెలిసీ అడిగాడు. "నీకెన్నిరా?"

చిన్నమేస్త్రీ బిళ్ళలు నంబరు వరసలో పేర్చుకుంటూ చెప్పాడు. "ఏడాదికోసారి, జనం రాకముందు ఎక్కి చూస్తాను. పోయినేడు పదకొండొందల దాకా లెక్కపెట్టాను. బురుజు రాలేదు."

"నువ్వేం దాచావురా?"

"దాచేదేముంది బావా, ఊరందరికీ తెలిసిందేగా. గోడ నా చేతుల్లోంచే పోయింది. సున్నం గరుగ్గా తగిలిందని నేనన్నాను, చేతులు మొరటుబారాయని నువ్వన్నావు. నీ మాట నిజమే అయ్యుండాలి. సున్నం బాగున్నప్పుడు తేడా చేతుల్లోనేగా." అతను ఒక బిళ్ళను అటూ ఇటూ తిప్పాడు. "నా బాధ ఆ గోడ గురించి కూడా కాదు. చేతికి తెలియడం ఎప్పట్నుంచి మానేసిందో అని. అంతకుముందు కట్టినవన్నీ ఎలా ఉన్నాయో ఏమో. ఊళ్ళో ఎటు పోయినా నేను కట్టిన గోడల్ని తట్టి చూస్తుంటాను. మా ఆవిడ నవ్వుతుంది, గోడలతో ఏం మాటలని. దానికి కారణం చెప్పలేదు. సిగ్గేసింది."

పెద్దమేస్త్రీ ఆ చేతుల వంక చూశాడు. బావమరిది పని పోయిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. పని పోతే ఇంకో పని వచ్చింది కదా అని సర్ది చెప్పుకున్నాడు. వీడి చేతుల మీద వీడికున్న నమ్మకం లాక్కున్నానని ఎప్పుడూ అనుకోలేదు. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. కానీ కింద స్టూలు గట్టిగానే ఉంది.

"అవి ఆరు గీతలేరా," అన్నాడు.

"ఏమిటి?"

"గుంట దగ్గర. ఆరు గీతలే ఉన్నాయి. గుంట నింపడం మరిచిపోయాను. మిగతా ముప్పై నాలుగూ నేను గీశాను. సున్నం బాగాలేదు. నీ చేతులు బాగానే ఉన్నాయి."

 ఎవరో గొడుగు కోసం బిళ్ళ చాపినా చిన్నమేస్త్రీ చూడలేదు. కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ళ మీద నెమ్మదిగా రుద్దుకున్నాడు, ఆ రోజు సున్నం ఇంకా అక్కడ అంటుకుని ఉన్నట్టు.

"అయితే గరుగ్గానే ఉందన్నమాట," అన్నాడు.

తిడతాడని పెద్దమేస్త్రీ తలొంచుకుని కూర్చున్నాడు. తిట్టలేదు. రేకు బిళ్ళల డబ్బా ఆయన ఒళ్ళో పెట్టి లేచాడు. గేటు దాటి మెట్లెక్కడం మొదలుపెట్టాడు. వంపు దగ్గర కనిపించాడు, చెట్ల వెనక ఇస్త్రీ చొక్కా తెల్లగా కనిపించింది, ఎక్కడా ఆగలేదు. గొడుగు మనిషి గొడుగు తీసుకుని ఇంకా మలుపు తిరగనేలేదు, చిన్నమేస్త్రీ పిట్టగోడ దగ్గరున్నాడు. రెండొందల పదిహేను మెట్లకే పైకి చేరాడని తర్వాత తెలిసింది. పిల్లలకొచ్చే లెక్క.

పైన ఏం చెప్పాడో పెద్దమేస్త్రీకి వినిపించలేదు. కొండ దిగినవాళ్ళకు సంచులిస్తూ కూర్చున్నాడు. రెండు సంచులు తారుమారు చేశాడు. భార్య వచ్చి తన సంచీ తనే తీసుకుంది. వాగుడుకాయ వచ్చింది. ఏదో ఒకటి అంటుందని, ఏదన్నా పడదామని చూశాడు. ఆ పిల్ల ఆయన ముఖం కూడా చూడకుండా నీళ్ళ సీసా తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళేసరికి భార్య ఒక్కతే బీరువాను పక్కకు నెట్టేసింది. నేల మీద గీరుకుపోయిన చారలు పడ్డాయి. కిటికీలోంచి కొండ, కొండ మీద బురుజు, నేరుగా ఆయన కూర్చునే కుర్చీలోకి చూస్తున్నాయి.

"మా తమ్ముడు," అంది ఆవిడ. 

మర్నాడు ఆయన ఆఫీసుకెళ్ళాడు. ఇప్పుడున్న ఆఫీసరు అమ్మాయి, కూతురికంటే నాలుగేళ్ళు పెద్దదేమో. అంతా విని, "ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు చెప్తున్నారు?" అని అడిగింది.

"మెట్లమ్మా," అన్నాడు.

ఆమె అర్థమైందన్నట్టు తలూపి, రాసివ్వమని తెల్లకాగితం జరిపింది. మేస్త్రీకి రాత అంతంత మాత్రం. మరిచిపోయాను అన్న మాట మూడుసార్లు కొట్టేసి, నాలుగోసారి రాశాడు.

తర్వాతి ఆదివారం ఎవరూ పిలవకుండానే కొండెక్కాడు. ఐదొందల చిల్లర దగ్గర ఉండగా పై నుంచి కూతురి గొంతు వచ్చింది. "ఈ సిమెంటు అతుకు పదకొండేళ్ళ నాటిది. సున్నం నానకముందే నానిందని చెప్పి వాడించిన పెద్దమేస్త్రీ వల్ల గోడ కూలింది. కట్టినాయన తప్పేమీ లేదు." ఎవరో అడిగారు, ఎవరా పెద్దమేస్త్రీ అని. ఈసారి వాగుడుకాయ ఆగలేదు. "మా నాన్న," అంది.

ఆయన చేతిగోడ పట్టుకున్నాడు. చెవులు కాలిపోయాయి. పక్క నుంచి ఎక్కుతున్నవాళ్ళందరికీ తన ముఖం మీద రాసి ఉన్నట్టే అనిపించింది. అయినా మెట్టు తర్వాత మెట్టు ఎక్కాడు. ఆ రోజు ఆరొందల నలభైకి పిట్టగోడ వచ్చింది. కూతురు చూసింది, పలకరించలేదు, జనాన్ని కాస్త జరగమని చెప్పి ఆయన నిలబడటానికి చోటు మాత్రం ఇచ్చింది.

సిమెంటు అతుకు పాతరాళ్ళతో పొసగక అంచుల వెంట పగులుతూనే ఉంది. దాన్ని తీసేసి సున్నంతో కట్టించాలని ఆఫీసువాళ్ళు ఎప్పట్నుంచో అనుకుంటున్నారు. సున్నం పని తెలిసినవాళ్ళు ఊళ్ళో మిగల్లేదు. చిన్నమేస్త్రీకి కబురు పెట్టారు. అతను మూలన పడేసిన తాపీ తెచ్చి, తుప్పు గీకి, సరేనన్నాడు. గుంట దగ్గర ఎవరిని పెట్టమంటారని ఆఫీసరమ్మ అడిగితే, "మా బావని," అన్నాడట. ఆ మాట ఆవిడతో అన్నాడు, బావతో కాదు. ఆ ఆదివారం నుంచీ, ఎనిమిది నెలలుగా, బావతో ఒక్కమాట లేదు. సంచుల దగ్గర కనిపించినా బిళ్ళ చేతికిచ్చేవాడు కాదు, బల్ల మీద పెట్టేవాడు.

కొండ కింద కొత్త గుంట తవ్వారు. పెద్దమేస్త్రీ సున్నపురాయి వేయించి, నీళ్ళు పోయించి, దాని పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు. ఇంటి నుంచి అన్నం అక్కడికే తెప్పించుకున్నాడు. ఎండకు నీళ్ళు తగ్గితే మళ్ళీ పోశాడు. ఒక మధ్యాహ్నం మెట్లు దిగి చిన్నమేస్త్రీ వచ్చాడు. మోచేతుల దాకా రాతి దుమ్ము ఉంది. గుంట పక్క గోడ మీద బొగ్గు గీతలున్నాయి. అతను వాటి వంక చూడలేదు. బావ ముఖంలోకి చూశాడు.

"సున్నం ఎలా ఉంది బావా?"

 పైన పని ఆగి ఉందని పెద్దమేస్త్రీకి తెలుసు. కూలీలు నలుగురు ఖాళీగా కూర్చుని ఇటే చూస్తున్నారని కూడా తెలుసు.

"నానలేదురా," అన్నాడు. "ఇంకా పంతొమ్మిది రోజులు కావాలి."

చిన్నమేస్త్రీ వంగి, నీళ్ళలో చెయ్యి పెట్టి, చిటికెడు సున్నం తీసి వేళ్ళ మధ్య నలిపాడు.

"అవును. గరుగ్గానే ఉంది," అన్నాడు. చెయ్యి కడుక్కుని, కూలీలను ఇళ్ళకు పొమ్మని చెప్పడానికి పైకెళ్ళాడు.

పెద్దమేస్త్రీ బొగ్గుముక్క వెతికి, ఆ రోజుకు ఒక్క గీత గీశాడు.